జ్వరమునకు నెలవెక్కడ?

మృగశిర కార్తె ప్రవేశించి, రైతులు దుక్కులు సిద్ధపఱచుకొని మబ్బులవైపు చూచుచుండు జూన్ మాసమున, 2003వ సంవత్సరమున, ఉత్తర తెలంగాణపు పల్లెలలో ఒక జ్వరము పొడసూపెను. సాయంకాలమువఱకు వాకిట నాడుకొన్న బిడ్డకు రాత్రి మేను కాలిపోవును, వాంతులగును, తెల్లవారకమునుపే మూర్ఛలు వచ్చి స్పృహ తప్పును, బండిమీదనో ఆటోలోనో వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేర్చిన కొన్ని గంటలకే, పెక్కుమంది విషయమున రెండు దినములైనను నిండకుండగనే, ప్రాణము పోవును. ఆ యేట నాటి ఆంధ్రప్రదేశమున ఈ మెదడువాపు సోకినట్లు లెక్కకు వచ్చిన బిడ్డలు 329 మంది. వారిలో 183 మంది మరణించిరి. అనగా నూటికి ఏబదియైదుగురికి పైగా. మశూచి ప్రబలిన దినములలో సైతము సోకినవారిలో నూటికి ముప్పదిమంది చొప్పున చనిపోయెడివారని వైద్యగ్రంథములు చెప్పుచుండగా, ఈ పేరులేని జ్వరము ఎంతటి మారియో ఊహింపవచ్చును.

పేరు తెలియుటకు కొంతకాలము పట్టెను. మెదడువాపనగానే వైద్యుల దృష్టి మొదట జపాన్ మెదడువాపుపైకి పోవుట సహజము. అది మన ప్రాంతమునకు క్రొత్తది గాదు. కాని పరీక్షలు ఆ యనుమానమును బలపఱుపలేదు. పుణె నగరములోని జాతీయ వైరస్ పరిశోధన సంస్థవారు వ్యాధిగ్రస్తుల నమూనాలను పరిశీలించి, ఇది చండీపురా వైరస్ అని నిర్ణయించిరి. 1965లో నాగపూరు ప్రాంతమున, చండీపురా అను గ్రామమున, జ్వరపీడితుల నెత్తుటిలో తొలిసారి కనబడినందున దానికా పేరు వచ్చినది. దాదాపు నలువది యేండ్లు ఆ వైరస్సును శాస్త్రజ్ఞులు పెద్దగా లెక్కింపలేదు. ఇది సామాన్యజ్వరమును కలిగించునదేగాని బిడ్డలను చంపునది కాదని భావించిరి. 2003 నాటి మరణములకు కారణము అదియేనా యని వైద్యులలో కొంత వాదోపవాదమును నడచెను. అయినను 2005 మే మొదలు 2006 ఏప్రిల్ వఱకు ఉత్తర తెలంగాణమున ఆసుపత్రిలో చేరిన పిల్లలపై జరిపిన పరిశీలన, ఇచ్చటి మెదడువాపులకు చండీపురా ఒక ప్రధానకారణమని స్థిరపఱచినది.

నన్ను చిరకాలముగా కలతపెట్టు విషయము ఈ వైరస్సు స్వరూపముకంటె దాని నివాసము. నాగపూరునుండి మన గడపవఱకు అది ఎట్లు వచ్చెను, వచ్చి ఎచ్చట నివసించుచుండెను అని యడిగినచో, మన ఇంటి గోడలో అని సమాధానము చెప్పవలసియున్నది.

ఇసుక ఈగ అని పత్రికలలో వ్రాయు ప్రాణి యొకటి కలదు. దోమలో నాలుగవ వంతైనను ఉండదు. దోమవలె చప్పుడు చేయదు. రెక్కలు నిలువుగా పైకెత్తి కూర్చుండును. ఎక్కువ దూరము ఎగురలేక గంతులు వేసినట్లు కొద్దికొద్దిగా కదలుచుండును. పగలంతయు మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టములోని చీకటి మూలలలో, పాతబడిన రాతికట్టుల సందులలో తలదాచుకొని, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట నెత్తుటికై బయలుదేఱును. పేడయు, కుళ్లిన ఆకులును కలిసి తడిగానుండు మన్ను దాని పిల్లలకు ఉయ్యాల. కరీంనగర్ జిల్లాలో పట్టిన ఈగలలో చండీపురా వైరస్ ఉన్నట్లు 2005లో పరిశోధకులు ప్రకటించిరి. తల్లియీగనుండి గ్రుడ్డుద్వారా పిల్లకు ఆ వైరస్ సంక్రమింపగలదని ప్రయోగశాలలో తేలినది. కాబట్టి ఒక సంవత్సరము పల్లెలో ఒక్క బిడ్డకైనను జ్వరము రాకున్నను, వైరస్ అచ్చటనుండి తొలగిపోయినదని చెప్పుటకు వీలులేదు.

ఇంతవఱకు చెప్పినదానిని ఒక ఊరిలో నిలబడి చూచిన బాగుగా బోధపడును. హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు మార్గమున, జనగామ దాటి స్టేషన్ ఘన్‌పూర్ చేరకమునుపు వచ్చు రఘునాథపల్లి అట్టి యూరు. 2016 అక్టోబరువఱకు వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు జనగామ జిల్లాలో మండల కేంద్రము. ప్రక్కనే కాజీపేట–సికింద్రాబాదు రైలుమార్గము. మండలములోనే సర్దార్ సర్వాయి పాపన్న కోట నిలిచిన ఖిలాషాపూర్. పురాతన త్రికూటాలయము గల నిడిగొండ. చల్క నేలలు, తాటిచెట్లు, బండరాతి గుట్టలు, గుట్టల నడుమ కట్టిన చెరువులు. వానపై ఆధారపడి, తఱచు కఱవునకు లోనైన ఈ నేలకు, ఏటూరునాగారము సమీపమున గంగారమువద్ద గోదావరినుండి ఎత్తిపోసిన నీరు దేవాదుల పథకముద్వారా చేరుట మన కన్నులయెదుట జరిగిన మార్పు. ఆ పథకమునకు చెందిన అశ్వరావుపల్లి జలాశయము ఈ మండలములోనిదే. బావులక్రింద కొద్దిపాటి వరియు, చల్కలలో జొన్న, ఆముదములును పండిన చోట్ల ఇప్పుడు కనుచూపుమేర వరిమళ్లు నిలువగలవు. నీరు వచ్చినందులకు నేను సంతోషించువారిలో నొకడను. అయినను నీటి వెంబడి ఏయే ప్రాణులు వచ్చునో, ఏవి పోవునో తెలిసికొనుట ఆ సంతోషములో భాగమేయని నా విశ్వాసము.

మన పెద్దలు జ్వరములకు దేవతలను కల్పించుకొనిరి. మశూచికి పోచమ్మ, చెరువుగట్టుకు కట్టమైసమ్మ. వేపమండలతో, బోనముతో ఆ తల్లులను కొలుచు ఆషాఢ శ్రావణములు సరిగా జ్వరముల కాలమే. పోచమ్మ కోపించుటవలన వచ్చునని నమ్మిన మశూచి 1975 తరువాత మన దేశమున కానరాలేదు. టీకా గొప్పది, సందేహములేదు. కాని టీకా అంత సంపూర్ణముగా జయించుటకు వేఱొక కారణముకూడ కలదు. మశూచికి మనుష్యుడు తప్ప మరొక ఆశ్రయము లేదు. పక్షిలో దాగదు, పశువులో దాగదు, ఈగలో దాగదు. మనుష్యులందఱిని కాపాడిన మీదట దానికి నిలువ నీడ లేకపోయెను. చండీపురా అట్టిది కాదు. జపాన్ మెదడువాపు అట్టిది కాదు. పిచ్చికుక్క కాటు అట్టిది కాదు. వీనికి మన శరీరము దారిలో తగులు సత్రము మాత్రమే; సొంత ఇల్లు వేఱొకచోట నున్నది. ఆ యింటిని ఎఱుగక సత్రమును మాత్రము శుభ్రపఱచుచుండుట మన ప్రజారోగ్యవ్యవస్థకు పాతికేండ్లుగా అలవాటై పోయినది.

జపాన్ మెదడువాపు సంగతి చూడుడు. మన దేశమున మనుష్యులలో దీనిని 1955లో వెల్లూరున మొదట గుర్తించిరి. ఈ వైరస్సునకు సహజమైన ఇల్లు కొంగజాతి పక్షులు. తెల్లకొంగలు, గుడ్డికొంగలు మొదలగువాని నెత్తుటిలో అది పెరుగును. పక్షికి జబ్బు చేయదు. వరిమడిలో నిలిచిన నీటిలో పుట్టు ఒక జాతి క్యూలెక్స్ దోమ పక్షిని కుట్టి, పందిని కుట్టును. పందిలో వైరస్ బహుళముగా వృద్ధియగును. అచ్చటనుండి దోమ దానిని మనుష్యునకు చేర్చును. మనుష్యుని నెత్తుటిలో మరల మరొక దోమకు సోకునంతగా అది పెరుగదు. అనగా బిడ్డ చనిపోవుట వైరస్సునకుకూడ నిష్ప్రయోజనమైన మరణము. తన దారి తప్పి వచ్చి, వచ్చినచోటనే అంతరించును. ఆవులు, గేదెలు ఈ దోమకు మిక్కిలి ఇష్టమైన ఆహారము. పశువులో మాత్రము వైరస్ వృద్ధి చెందదు. కావున కొట్టమునిండ పశువులున్న ఊరిలో దోమ కాట్లలో అధికభాగము వృథాగ పోవుచుండెననుకొనవచ్చును. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయి, కొట్టములు పాడుబడిన ఊళ్లలో ఆ దోమ ఆకలి ఎటు మళ్లుచున్నదో ఎవరైన శ్రద్ధతో పరిశీలింపవలసిన ప్రశ్న.

కొంగ, మడి, దోమ, పంది, పశువు, బిడ్డ: ఈ ఆరింటిలో ఏ యొక్కటిని విడదీసి నేరస్థాపన చేసినను అది అన్యాయమగును. ఆచరణలో నేరము ఎప్పుడును పందిమీదనే పడును. పందిమీద పడినదనగా పందులను పెంచి బ్రదుకు ఎరుకలవారిమీద పడినదన్నమాట. ఊరినిండ వరి నాటినవాని లాభము ఊరిలోనే యుండి, ఆ వరితో వచ్చిన దోమకు మూల్యము మాత్రము ఊరివెలుపలి గుడిసె చెల్లింపవలసివచ్చుట నాకు ఏనాటికి సమ్మతము కాదు. పందుల దొడ్లు ఇండ్లకు దూరముగా కట్టించుట, అందులకు స్థలమును సొమ్మును ప్రభుత్వమే ఇచ్చుట న్యాయమైన మార్గము. బిడ్డలకు తొమ్మిదవ నెలలో ఒకటియు, పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ మరొకటియు టీకాలు వేయించుట తప్పనిసరి. మడి సంగతి అంతకంటె ఆసక్తికరము. పైరు కాలమంతయు నీరు నిలువగట్టుటకు మాఱుగా, మడి ఆరిన పిదప మరల తడిపెట్టు పద్ధతిలో ఈ దోమపిల్లలు ఎదుగకమునుపే ఎండి చచ్చును, నీరును మిగులును. వేపపిండి పట్టించిన యూరియా చల్లిన మళ్లలో దోమపిల్లలు తగ్గుటయేగాక ధాన్యమును పెరుగునని తమిళనాట జరిగిన పరిశోధనలు చాటుచున్నవి. పోచమ్మ గుడిలో కట్టు వేపయే మడిలోనను పనిచేయుట చూచి మన పల్లె తల్లులు ఆశ్చర్యపడరు.

దోమకును జ్వరమునకును గల సంబంధము లోకమునకు తెలిసినది మన నేలమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదున సైన్యవైద్యుడైన రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అను రోగి నెత్తురు త్రాగిన దోమను కోసి చూచి, దాని కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. రోగికి దోమకు ఒక అణా చొప్పున కూలి యిచ్చినాడట. మరుసటి యేడు కలకత్తాలో మిగిలిన కథను పూర్తిచేయుటకు ఆయనకు తోడ్పడినవి మనుష్యులు కారు, పక్షులు. పిచ్చుకలకు వచ్చు మలేరియాను పట్టి ఆయన ఆ పరాన్నజీవి జీవితచక్రమును పూర్తిగా తెలిసికొనెను. ఆ తరువాత దోమను చంపుటయే సకలమని లోకము నమ్మెను. 1953లో మన దేశమున ఇంటింటికి డి.డి.టి. చల్లుట ప్రారంభమైనది, మలేరియా ఆశ్చర్యకరముగా తగ్గెను. ఆ మందు గోడలపై నుండుటచే ఇసుక ఈగలును నశించి, బీహారులో అవి మోయు కాలాజ్వరము దాదాపు మటుమాయమైనది. కాని దోమ మందునకు అలవాటుపడెను, చల్లుట సడలెను, 1976లో మలేరియా సోకినవారి లెక్క 64 లక్షలకు చేరెను, కాలాజ్వరముకూడ తిరిగివచ్చెను. గోడమీది మందు ఒక్కటే నమ్మకమైనప్పుడు, గోడ పగులును పూడ్చు పని ఎవరికి గుర్తుండును?

నిజమునకు ఆ పగులును పూడ్చు అలవాటు మన ఆడవారి చేతిలో నుండెను. పండుగకు ముందు ఎఱ్ఱమన్ను మెత్తి, జాజు పూసి, సున్నము వేయుట అలంకారమని మనమనుకొంటిమి. ఏటేట పగులు మూతపడుటచే ఈగకు పగటి ఆశ్రయము తగ్గుచుండెను. ఇల్లు విడిచి పట్నము పోయినవారి పాత గోడ, ఎవరును మన్ను మెత్తని గోడ, ప్రక్కింటి బిడ్డకు ఎంత ప్రమాదకరమో ఊరిపెద్దలు గ్రహింపవలెను.

మన చేతితో జయించిన వ్యాధి ఒకటి చెప్పుకొనుట న్యాయము. నారికురుపు అను పేరు వినినంతనే ముదుసలుల ముఖము మారును. దిగుడుబావి మెట్లు దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి కడవ నింపుకొనునప్పుడు, కాలి పుండునుండి పురుగు తన సంతతిని నీటిలో విడుచును. కంటికి కనబడీ కనబడని ఒక నీటిపురుగు దానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవాని శరీరములో ఏడాదికి మూరెడు పొడవునకు మించిన తెల్లని పురుగై అది కాలినుండి వెడలివచ్చును. మందులేదు, టీకాలేదు. నీటిని గుడ్డతో వడపోయుట, మెట్లను మూసి బావికి గిలక పెట్టుట, చేతిపంపులు వేయుట: ఇంతే. 1983–84లో మొదలైన జాతీయ కార్యక్రమము 1996 జూలై నాటికి చివరి రోగిని రాజస్థానమున చూచెను. 2000 ఫిబ్రవరిలో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. నీటికిని మనుష్యునికిని నడుమనున్న ఒక్క మెట్టును మార్చినందున ఒక వ్యాధి అంతరించెను. అయితే ఆఫ్రికాలోని చాద్ దేశమున 2012 మొదలు ఇదే పురుగు కుక్కలలో విరివిగా కనబడుచున్నది. మనుష్యునిలోనే నివసించునని భావించిన పురుగు క్రొత్త ఇల్లు వెదకికొన్నది.

వ్యాధి ప్రకృతినుండి మనకు వచ్చు తీరు ఇంతవఱకు చెప్పితిని. మన చికిత్స ప్రకృతిని దెబ్బతీసి, ఆ దెబ్బ తిరిగి వ్యాధియై వచ్చు తీరు మరింత దారుణము. నలువదియేండ్లకు పైబడిన పల్లెవాసులెవరిని అడిగినను, ఊరిబయట పశువు చచ్చిన గంటలోపల రాబందుల గుంపు దిగివచ్చి, సాయంకాలమునకు ఎముకలు మాత్రము మిగిల్చిన దృశ్యమును వర్ణింపగలరు. వాని కడుపులోని ఆమ్లము దొమ్మరోగపు క్రిములను సైతము చంపగల తీవ్రమైనది. 1990 దశకమున పశువుల నొప్పికి డైక్లోఫెనాక్ అను చౌకమందు విరివిగా వాడబడెను. ఆ మందు శరీరములో నుండగా చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి కొద్దిదినములలో మరణము సంభవించును. 2004లో ఈ రహస్యము తెలియునాటికే తెల్లవీపు రాబందులలో నూటికి తొంబదియైదుకు పైగా నశించిపోయెను. 2006లో పశువులకు ఆ మందు నిషేధింపబడెను. రాబందులు నశించుటచే నష్టపడినవాడు మనుష్యుడే: మిగిలిన కళేబరములపై ఊరకుక్కలు పెరిగెను, కుక్కలతో పిచ్చికుక్క కాట్లు పెరిగెను, కుళ్లిన మాంసము వాగులలోనికి చేరెను. అయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో ప్రచురించిన లెక్క ప్రకారము, రాబందులు పోయినందున 2000–2005 నడుమ మన దేశమున అదనముగా మరణించినవారు దాదాపు ఐదు లక్షలు. అందులో తెలంగాణ పల్లెల వాటా ఎంతో వేఱుగా లెక్కగట్టబడలేదు. కాని రాబందులేని ఆకాశము మనదికూడ. కుమురంభీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్టమీద మాత్రము కొన్ని జంటలు గూళ్లు కట్టుకొనియుండగా 2013లో కనుగొనిరి. ఒక ఎద్దు కాలినొప్పిని తగ్గింపనెంచిన మంచి సంకల్పమునుండి ఇంతటి విధ్వంసము పుట్టినదన్న సత్యము మన వైద్యకళాశాలలన్నింట మొదటి సంవత్సరములోనే బోధింపదగినది.

కప్పల కథయు ఇట్టిదే. మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామా దేశములలో ఒక శిలీంధ్రవ్యాధి కప్పలను ఊడ్చిపెట్టిన తరువాత ఆయా ప్రాంతములలో మలేరియా పెరిగినట్లు 2022లో ప్రకటితమైన పరిశోధన చూపినది. కప్పకు వచ్చిన వ్యాధి మనుష్యునకు వేఱొక వ్యాధియై వచ్చినది. మన దేశము కప్పకాళ్ల ఎగుమతిని 1987లోనే నిషేధించి బుద్ధిమంతమైన పని చేసినది. కాని పురుగుమందు కలసిన మడినీటిలోను, గుర్రపుడెక్క నిండిన చెరువులోను కప్పకు, తూనీగ పిల్లకు, చిన్నచేపకు చోటెంత మిగిలినదో మనము చూడవలసియున్నది. గుర్రపుడెక్క వ్రేళ్లకు అంటుకొని ఊపిరి పీల్చు ఒక జాతి దోమ బోదకాలు పురుగును మోయును. మిషన్ కాకతీయ క్రింద 2015 మొదలు చెరువుల పూడిక తీయుట గొప్ప యత్నము. పూడికతోపాటు గుర్రపుడెక్కను తీసి, చేపపిల్లలను వదలుట ఏటేట సాగినగాని దాని ఫలము ఆరోగ్యమునకు చేరదు.

2024 వేసవి చివర గుజరాతు రాష్ట్రమున చండీపురా మరల విజృంభించినది. జూన్ ఆరంభమునుండి ఆగస్టు 15వ తేదీవఱకు దేశమున 245 మెదడువాపు కేసులు, 82 మరణములు నమోదైనవి. వానిలో 64 చండీపురాయని పరీక్షలలో తేలినది. గడచిన ఇరువదియేండ్లలో ఇంత పెద్దయెత్తున అది కనబడుట ఇదియే. ఈ వైరస్సునకు మందుగాని టీకాగాని నేటికిని లేదు. ఇసుక ఈగ మన మండలములలో ఉన్నది, కొట్టములున్నవి, పగిలిన గోడలున్నవి.

మండల కేంద్రమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రము కలదు, పశువైద్యశాల కలదు, వ్యవసాయాధికారి కార్యాలయము కలదు. జ్వరముల పుస్తకము మొదటిదానిలో, చచ్చిన పశువుల పుస్తకము రెండవదానిలో, ఏ ఊరిలో ఎన్ని ఎకరములు వరి నాటిరో తెలుపు పుస్తకము మూడవదానిలో నుండును. ఆ మూడును ఒక బల్లమీద కలిసి తెఱువబడిన దినము నేను ఎఱుగను. బిడ్డకు మూర్ఛలు వచ్చినప్పుడు ఆసుపత్రి చీటీలో వయస్సు, బరువు, జ్వరము వ్రాయుదురు. ఇల్లు మట్టిదా, కొట్టము గోడకు ఆనుకొని యున్నదా, పందుల దొడ్డి ఎంతదూరము, ప్రక్క పొలమున నీరు నిలిచి ఎన్నిదినములైనది అను నాలుగు ప్రశ్నలను అదే చీటీలో చేర్చి, నెలకొకసారి ఆ మూడు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు క్రొత్త భవనము గాని, క్రొత్త ఉద్యోగము గాని అక్కఱలేదు. రఘునాథపల్లిలో ఇది రానున్న జూన్ మాసముననే, మృగశిరకు ముందే, ప్రారంభింపవచ్చును.